మూడు సెకన్ల కూత

నాకు జీతం లేదు, తాళంచెవి ఉంది.
ఆదివారం తప్ప రోజూ పదింటికి
పాత కవళ్ళ ఫ్యాక్టరీ తలుపు తీస్తాను.
పోర్చుగల్ దక్షిణపు అంచున మా ఊరు.
సముద్రం ఇంకా ఉంది, చేపల వాసనే పోయింది.
ముసురు పట్టిన రోజున మాత్రం
ఈ గోడలకు ఉప్పుచెమట పడుతుంది.

బడిపిల్లలు పద్నాలుగు మంది వచ్చారు,
టీచరు రమ్మంటే వచ్చిన రాక.
ఫోన్లలోకి వంగిన మెడలు.
ఒకడు నోట్లో గమ్ము తీసి
మా తాతల నాటి తక్కెడ కింద అంటించాడు.
చూశాను, ఏమీ అనలేదు.
‘ముట్టరాదు’ అన్న బోర్డును
కిందటేడు చలికి నేనే పొయ్యిలో పెట్టాను.

చెక్కచేపలూ ఖాళీ డబ్బాలూ బల్ల మీద గుమ్మరించి
‘నిమిషం టైము, ఎవరెన్ని సర్దుతారు?’ అన్నాను.
తల తీసిన మెడ పక్కన తోక,
తోక పక్కన మెడ.
గమ్ము పిల్లాడు నీల్టన్‌కి రెండు డబ్బాలు.
పక్కనే ఎనభై నాలుగేళ్ళ ఉంబెలీనా
కిటికీలోంచి వీధిలో పోయే పిల్లిని చూస్తూ
తొమ్మిది నింపింది.
‘మా మేస్త్రీ అయితే
ఈపూట నీ కూలి ఎగ్గొట్టేవాడురా!’
వాడు ఆమె వేళ్ళు చూశాడు.
రేకు అంచులు కోసిన తెల్లగీతలు,
కోసిన రోజునే వాటి మీద ఉప్పు.

అప్పుడు తలెత్తి అడిగాడు:
‘ఆ పైనున్న ఇత్తడి కొమ్ము కూస్తుందా?’
పదకొండేళ్ళలో ఎవరూ అడగని మాట.

ఒక్కో ఫ్యాక్టరీకి ఒక్కో కూత, అన్నాను.
మాది ఒక పొడుగు, రెండు పొట్టి.
పడవ ఏ జామున వస్తే ఆ జామున
ఆడవాళ్ళు నిద్రలోనే తమ కూతను పోల్చుకుని
జుట్టు ముడేసుకుంటూ పరుగు.
ఆలస్యమైతే గేటు మూత.

మేనమామ టైర్ల కొట్టు నుంచి గాలి మిషను తెచ్చాడు,
తెగిన చెప్పు కోసి వాషరు చేశాడు.
మునిసిపాలిటీ వాళ్ళు కాగితమిచ్చారు:
మూడు సెకన్లు, అంతకు మించరాదు.
పొడుగును కుదించాల్సి వచ్చింది.

శనివారం మధ్యాహ్నం కూసింది.
ముందు పావురాలు లేచాయి,
తర్వాత తలుపులు.
ఒకామె నడుముకు ఏప్రన్ చుట్టుకుంటూనే వచ్చేసి
వీధి మధ్యలో ఆగి
తన చేతుల్ని తానే చూసుకుని నవ్వింది.
ఉంబెలీనా గడియారం చూసి ‘ఆలస్యం’ అంది.
పిల్లలు ఈలలేశారు, వీడియోలు తీశారు.
మూడో అంతస్తులో ఒక కిటికీ
మూసుకుంది.

సోమవారం ఆ కిటికీ మెట్లు దిగి వచ్చింది.
పేరు ఎర్మెలిందా.
కూర్చోమంటే కూర్చోలేదు.
‘ఆ కూతకు పరిగెత్తిన రాత్రి
మా చిన్నదానికి జ్వరం.
తిరిగొచ్చేసరికి...’
చేతికర్ర చివర నేల మీద కాసేపు తిరిగింది.
‘మళ్ళీ కూయించకండి.’
నీల్టన్ చేతిలో నూనెగుడ్డ అలాగే ఉండిపోయింది.

ఈ గదులకు ఇరవై రెండు ఫలకాలు రాశాను నేను:
ఎన్ని టన్నులు, ఏ దేశాలకు, ఏ యేడు మూత.
ఒక్కదానిలోనూ ఆ పాప లేదు.

వాడు రికార్డరు పట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళాడు.
మొదటి వారం చిక్కుడుగింజలు ఒలవమంది. ఒలిచాడు.
రెండో వారమూ గింజలే.
మూడో వారం రికార్డరు మరిచిపోయి వెళ్ళాడు,
ఆ రోజే చెప్పిందట.
ఏం చెప్పిందో నాకు చెప్పలేదు.
నేనూ తవ్వలేదు.

ఇప్పుడు కొమ్ము కింద
వాడి కోడిగీతల దస్తూరితో ఒక అట్టముక్క:
‘పనిచేస్తుంది.
కూయించం.
ఎందుకో అడగండి.’

నిన్న ఏడేళ్ళ పిల్ల ఒకతె అడిగింది.
నేను నోరు తెరిచేలోపే
లోపలి గదిలోంచి నీల్టన్ వచ్చి
ఆ పిల్ల ఎత్తుకు తగ్గి, నేల మీద కూర్చుని
‘ముందు ఈ డబ్బా సర్దు’ అన్నాడు.